సరుకు కన్నా ముందు నడిచిన చీటీ

గోదావరి వర్తకం: ధారావాహిక, 9వ భాగం

గత భాగాన్ని లొల్ల లాకుల దగ్గర ఆపాం. బొబ్బర్లంక దగ్గర గోదావరి నుంచి విడివడిన మధ్య డెల్టా కాలువ ఆత్రేయపురం మండలంలోంచి దిగి, లొల్ల దగ్గర పాయలవుతుంది. ఇప్పుడక్కడ సినిమా షూటింగులు జరుగుతుంటాయి. ఒకప్పుడు ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు, అరటి గెలలు వేసుకున్న పడవలు లాకు తలుపులు తెరిచేదాకా బారులు తీరే చోటది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా ఊళ్ళకు నీరు తెచ్చేదీ కాలువే, సరుకు మోసేదీ కాలువే. 1890లో మద్రాసు ప్రభుత్వం కాలువలకూ రేవులకూ కలిపి ఒక చట్టం చేసింది. కాలువలో తిరిగే పడవ లైసెన్సూ, సుంకమూ ఆ చట్టం కిందివే. ఈసారి పడవలోని సరుకు సంగతి పక్కనబెట్టి, సరంగు రొంటిన దోపుకున్న కాగితం సంగతి చూద్దాం.

ఆ కాగితంలో ఉండేది పెద్దగా ఏమీ లేదు. పంపింది ఎవరు, అందుకోవలసింది ఎవరు, బస్తాలెన్ని, కిరాయి ఎంత, ఆ కిరాయి ఎవరిచ్చుకోవాలి. ఇంతే. కానీ అది పడవతో పాటే కదిలేది, పడవతో పాటే ఆగేది. అవతలి రేవులో షావుకారుకి పడవ కనబడేదాకా ఏమొస్తోందో తెలిసేది కాదు. బస్తా తక్కువైతే అది దారిలో పోయిందా, అసలు ఎక్కనే లేదా అని తేల్చుకోవడానికి మళ్ళీ ఓ మనిషి వెనక్కి వెళ్ళాలి.

రైలొచ్చాక చీటీకి కొత్త చిక్కు వచ్చింది. 1900లో రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన తెరుచుకుని, మద్రాసు, కలకత్తా దారి కలిసింది. స్టేషన్లో సరుకు అప్పజెబితే రైలు రసీదు ఇస్తారు. వర్తకులంతా దాన్ని 'ఆర్.ఆర్.' అనే అంటారు. పంపినవాడు దాన్ని పోస్టులో అవతలివాడికి పంపాలి, అవతలివాడు దాన్ని చూపించి సరుకు విడిపించుకోవాలి. సరుకు ఒక దారిన, కాగితం ఇంకో దారిన బయల్దేరాయన్నమాట. ఒక్కోసారి సరుకు ముందొచ్చి స్టేషన్లో పడుండేది, ఆర్.ఆర్. ఏ తపాలా సంచిలోనో ఉండిపోయేది. రోజు గడిస్తే డెమరేజీ. లేదా స్టేషన్ మాస్టరు దగ్గర పూచీకత్తు బాండు రాసిచ్చి సరుకు తీసుకోవాలి. మామిడిపళ్ళ వర్తకుణ్ణి అడిగితే ఆ ఎదురుచూపు ఎంత ఖరీదో చెబుతాడు.

మరి తంతి లేదా? ఉంది. 1855 నుంచి మన దేశంలో జనానికి తంతి అందుబాటులో ఉంది, 2013 జూలై దాకా నడిచింది కూడా. కానీ తంతికి మాటకింత అని రుసుం. బేరం ధర ఒక్క ముక్కలో కొట్టొచ్చు గానీ, నలభై రకాల సరుకున్న పట్టిక కొడితే లాభమంతా తపాలా ఆఫీసుకే పోతుంది. అందుకని ప్రపంచమంతా వర్తకులు సంకేత నిఘంటువులు వాడారు. 1873లో లండన్‌లో వచ్చిన ఏబీసీ కోడ్, 1906లో వచ్చిన బెంట్లీ కోడ్ అలాంటివే. ఒక్క అర్థంలేని పదం కొడితే, అవతలివాడు పుస్తకం తెరిచి చూసుకుంటే, 'మీరు చెప్పిన ధరకు ఒప్పుకున్నాం, ఈ నెల ఓడలో ఎక్కించండి' అని పూర్తి వాక్యం దొరికేది. ఇద్దరి దగ్గరా ఒకే పుస్తకం, ఒకే కూర్పు ఉండాలి, అదీ షరతు. ఈ షరతుని గుర్తుపెట్టుకోండి. కంప్యూటర్లు రావడానికి చాలా ముందే ఈ కథలో అసలు ముడి ఇదే.

ఆ ముడి ఎలా విడిందో చూడాలంటే ఇక గోదావరి వదిలి బెర్లిన్ వెళ్ళక తప్పదు.

1948 జూన్ 24న సోవియట్ సైన్యం పశ్చిమ బెర్లిన్‌కి రోడ్డు, రైలు, కాలువ దారులన్నీ మూసేసింది. ఇరవై లక్షల మంది ఉన్న నగరానికి బొగ్గూ, పిండీ, పాలపొడీ ఇక ఆకాశంలోంచే దిగాలి. రెండు రోజుల్లో అమెరికా, బ్రిటన్ విమానాలు మొదలయ్యాయి. 1949 సెప్టెంబరు చివర ఆపేసేనాటికి 23 లక్షల టన్నులకు పైగా సరుకు దించారు. 1949 ఏప్రిల్ 16తో ముగిసిన ఒక్క రోజులో దాదాపు 1,400 సార్లు విమానాలు దిగి 12,941 టన్నులు తెచ్చాయి. అంటే దాదాపు నిమిషానికో విమానం.

ఇక్కడ ఇబ్బంది పెట్టింది విమానాల కొరత ఒక్కటే కాదు. కాగితాలు కూడా. ఒక్కో స్థావరం నుంచి వచ్చే సరుకు పట్టిక ఒక్కో రకంగా ఉండేది. ఒకరు బరువు ముందు రాస్తే, ఒకరు పేరు ముందు రాసేవారు. భాషలు వేరు, కాపీల లెక్క వేరు. దిగిన విమానంలో ఏముందో చదివి అర్థం చేసుకునేలోపు ఇంకో నాలుగు దిగిపోయేవి. అమెరికా సైన్యంలో మాస్టర్ సార్జెంటుగా ఉన్న ఎడ్వర్డ్ గిల్బర్ట్, ఆయన తోటివాళ్ళు కలిసి ఒక ఉమ్మడి పట్టిక తయారుచేశారు. ఏ వివరం ఏ వరసలో రావాలో ఖాయం చేశారు. అలా ఖాయం చేశాక ఆ పట్టికను కాగితం మీదే పంపనక్కర్లేదు. టెలెక్స్‌లో కొట్టొచ్చు, రేడియో టెలిటైపులో పంపొచ్చు, మరీ ముంచుకొస్తే ఫోన్లో చదివి వినిపించొచ్చు. విమానం ఇంకా గాల్లో ఉండగానే కింద లారీలు సిద్ధం.

ఎలక్ట్రానిక్ డేటా ఇంటర్‌చేంజి, అంటే ఈడీఐ, చరిత్ర రాసేవాళ్ళందరూ ఇక్కణ్ణుంచే మొదలుపెడతారు. నాకు ఇందులో నచ్చే సంగతి ఏమిటంటే, అక్కడ కంప్యూటరు లేదు. గిల్బర్ట్ కనిపెట్టింది యంత్రాన్ని కాదు, వరసని.

సైన్యంలో సేవ ముగిశాక గిల్బర్ట్ డ్యూపాంట్ కంపెనీలో చేరాడు. రసాయనాల ట్యాంకర్లు నడిపే కెమికల్ లీమన్ సంస్థతో సరుకు వివరాలు యంత్రం నుంచి యంత్రానికి పంపే ఏర్పాటు చేశాడు. 1965లో హాలండ్–అమెరికా స్టీమ్‌షిప్ లైన్ అట్లాంటిక్ మీదుగా ఓడ సరుకు పట్టికల్ని టెలెక్స్‌లో పంపడం మొదలెట్టింది. ఓడ కన్నా చాలా రోజులు ముందే పట్టిక అవతలి ఒడ్డు చేరేది. 1968లో రైళ్ళు, ఓడలు, విమానాలు, లారీల కంపెనీలు కలిసి ఒక సమన్వయ సంఘం పెట్టుకున్నాయి. 1975లో అది తన తొలి ప్రమాణాలు అచ్చు వేసింది. 1979లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 'ఎక్స్12' అనే కమిటీ వేసింది. యూరప్ వాళ్ళు తమ దారి తాము చూసుకున్నారు. ఆఖరికి 1987లో ఐక్యరాజ్యసమితి గొడుగు కింద 'ఎడిఫాక్ట్' వచ్చింది. ప్రపంచమంతా ఒకటే భాష మాట్లాడాలని బయల్దేరి రెండు భాషలు చేశారు. ఇప్పటికీ అమెరికాలో ఎక్స్12, మిగతాచోట్ల ఎక్కువగా ఎడిఫాక్ట్.

ఆ సందేశం ఎలా ఉంటుందో ఒకసారి దగ్గర్నుంచి చూద్దాం. ఎక్స్12లో ప్రతి కాగితానికీ ఒక నంబరు. కొనుగోలు ఆర్డరు 850. 'ఆర్డరు అందింది, ఇస్తాం' అనే జవాబు 855. సరుకు బయల్దేరిందని ముందుగా చెప్పే చీటీ 856. బిల్లు 810. ఏ సందేశం అందినా 'చేరింది, చదవగలిగాను' అని తిరిగి పంపే ముక్తసరి రసీదు 997. 850 లోపల ఒక్కో వస్తువుకీ 'పీవో1' అని మొదలయ్యే వరస ఉంటుంది. పీవో1, నక్షత్రం గుర్తు, వరస సంఖ్య, నక్షత్రం, ఎన్ని కావాలో, నక్షత్రం, ఏ కొలతలో, నక్షత్రం, ధర. నక్షత్రాల మధ్య ఏముందనేది వాటి స్థానాన్ని బట్టే తెలియాలి. 'పరిమాణం' అన్న మాట ఎక్కడా రాయరు. రెండో గడిలో ఉంది గనక అది పరిమాణం. ఒక్క నక్షత్రం ఎగిరిపోతే ఆ తర్వాతి గడులన్నీ ఒక స్థానం జరిగిపోతాయి. బెర్లిన్ మీదుగా వచ్చిన వరసే ఇది, మనిషి కంటికి మాత్రం పరమ వికారం.

ఇంతకీ దీన్ని వర్తకులు ఇష్టపడి తెచ్చుకున్నారా? కొందరు తెచ్చుకున్నారు. ఎక్కువమందికి నెత్తిన పడింది. పెద్ద దుకాణాల గొలుసులు 'మాతో వ్యాపారం చేయాలంటే మా పద్ధతిలో సందేశాలు పంపాలి' అన్నాయి. మొదట్లో ఈ సందేశాలు మధ్యవర్తి నెట్‌వర్కుల ద్వారా వెళ్ళేవి. అది ఎలక్ట్రానిక్ తపాలా పెట్టె లాంటి ఏర్పాటు, అక్షరాల లెక్కన రుసుం. మళ్ళీ తంతి రోజులే. 2002లో వాల్‌మార్ట్ తన సరఫరాదారులు 'ఏఎస్2' అనే పద్ధతిలో నేరుగా ఇంటర్నెట్‌లో పంపాలని పట్టుబట్టాక ఆ దారి ఊపందుకుంది. 856 ఆలస్యమైతే జరిమానా, సరుకుకీ 856కీ లెక్క కలవకపోతే జరిమానా. పెట్టెలో సరుకు శుభ్రంగానే ఉంటుంది, ముందుగా పంపిన చీటీలో తప్పు దొర్లినందుకు సరఫరాదారుకి కోత పడుతుంది. లొల్ల సరంగు చీటీ సరుకుకి తోకలా వెళ్ళింది. ఇప్పుడు సరుకే చీటీకి తోక.

ఈ నక్షత్రాల వ్యవహారంలోకి తెలుగువాళ్ళు వచ్చిన దారి అందరికీ తెలిసిందే, అమీర్‌పేట. 2000 సంవత్సరం కంప్యూటర్ గండం రోజుల నుంచి మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల గోడలన్నీ కోర్సుల పేర్లతో నిండిపోయాయి. ఎస్ఏపీ, వెబ్‌మెథడ్స్, ఇన్ఫర్మాటికా, స్టెర్లింగ్ ఇంటిగ్రేటర్. కోనసీమ నుంచి, భీమవరం నుంచి వెళ్ళిన కుర్రాళ్ళు అక్కడ గదులు తీసుకుని, కొన్ని నెలల్లో 'మ్యాపింగ్' నేర్చుకుని, డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్ళారు. మ్యాపింగంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఒక కంపెనీ ఆర్డరులో రెండో గడిలో ఉన్నది ఇంకో కంపెనీ లెక్కల పుస్తకంలో ఏ గడిలో పడాలో చెప్పడం. ఎస్ఏపీలో ఆ సందేశాల్ని ఐడాక్ అంటారు. వాటి పేర్లు 'ఆర్డర్స్', 'డెస్అడ్వ్', 'ఇన్వాయిక్' అని ఎడిఫాక్ట్ నుంచే వచ్చాయి.

చెప్పడానికి తేలిక, చేస్తే తెలుస్తుంది. ఒకరి 'కేసు' అంటే 12 సీసాలు, ఇంకొకరి 'కేసు' అంటే 24. ఒకరు తేదీ ముందు నెల రాస్తారు, ఇంకొకరు ముందు రోజు రాస్తారు. ఒకరి పుస్తకంలో వస్తువు సంఖ్యకి ముందున్న సున్నాలు ఇంకొకరి పుస్తకంలో మాయమవుతాయి. రాత్రి రెండింటికి ఫోన్ మోగి 'ఆర్డర్లు ఆగిపోయాయి' అంటే, చివరికి దొరికేది ఇలాంటి సున్నాయే. కొబ్బరి బేరం చూసి పెరిగినవాడికి ఇది వింత కాదు. లెక్క మీద వేసే కొసరు ఏ గడిలో రాస్తారో ఎక్స్12 కమిటీ ఇంతవరకూ చెప్పలేదు.

అమెరికాలో ఈడీఐ కొనేవాడి బలంతో వచ్చింది గదా, మన దగ్గరో? మన దగ్గర సర్కారు బలంతో వచ్చింది. ఈ తేడా చిన్నది కాదు. మన వర్తకుడు తోటి వర్తకుడితో యంత్రాల ద్వారా మాట్లాడ్డం నేర్చుకునేలోపే పన్నుల శాఖతో మాట్లాడ్డం నేర్చుకోవలసొచ్చింది.

మొదట కస్టమ్స్. 1995లో ఢిల్లీలో ప్రయోగాత్మకంగా కస్టమ్స్ ఈడీఐ మొదలై, తర్వాత రేవులకూ విమానాశ్రయాలకూ పాకింది. 2000 అక్టోబరు 17న ఐటీ చట్టం అమల్లోకి వచ్చి ఎలక్ట్రానిక్ రికార్డుకి కాగితంతో సమానమైన చట్టబద్ధత ఇచ్చింది. ఇవి ఎగుమతిదారుల సంగతులు. ఊళ్ళో షావుకారుకి తెలిసింది చెక్‌పోస్టు. తడ దగ్గరా, ఇచ్ఛాపురం దగ్గరా లారీల బారు. డ్రైవరు కిందికి దిగి వేబిల్లులు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడతాడు, సరుకు కదలాలంటే ముద్ర పడాలి. 2017 జూలై 1న జీఎస్టీ రాగానే ఆ వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. గేటు ఎత్తేసినవాళ్ళు దానికి బదులు ఇంకేదో పెట్టకుండా ఉంటారా? ఈ-వే బిల్లు పెట్టారు.

దాని పుట్టుక అంత సాఫీగా జరగలేదు. 2018 ఫిబ్రవరి 1న దేశమంతా ఒక్కసారి మొదలుపెడితే ఆ రోజే పోర్టల్ కుప్పకూలింది. వాయిదా వేసి, ఏప్రిల్ 1న రాష్ట్రాల మధ్య రవాణాకు, ఏప్రిల్ 15న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా మొదటి విడత రాష్ట్రాల్లో లోపలి రవాణాకు తెచ్చారు. 50 వేల రూపాయలు దాటిన సరుకు కదలాలంటే ముందుగా పోర్టల్లో వివరాలు నింపాలి. మొదటి భాగంలో సరుకు, రెండో భాగంలో బండి నంబరు. పన్నెండంకెల నంబరొస్తుంది. దానికి గడువు కూడా ఉంది. మొదట్లో వంద కిలోమీటర్లకు ఒక రోజు, 2021 జనవరి నుంచి రెండొందల కిలోమీటర్లకు ఒక రోజు. లాకు దగ్గరా, చెక్‌పోస్టు దగ్గరా బండి ఆగితే కాగితం అడిగేవారు. ఇప్పుడు కాగితం పుట్టకపోతే బండి తాళం తిప్పడానికే లేదు.

2020 అక్టోబరు 1న ఈ-ఇన్వాయిస్ వచ్చింది. మొదట 500 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలకు, తర్వాత మెట్టు మెట్టు దిగుతూ 2023 ఆగస్టు 1కి 5 కోట్ల దాకా వచ్చింది. ఒక వ్యాపారి ఇంకో వ్యాపారికిచ్చే బిల్లుని ముందు సర్కారు పోర్టల్‌కి పంపాలి. అమ్మినవాడి జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, బిల్లు నంబరు, ఈ నాలుగూ కలిపి ఒక గణితసూత్రంలో వేస్తే 64 అక్షరాల గుర్తింపు వస్తుంది. అదే బిల్లుని ఇంకోసారి పంపితే అదే 64 అక్షరాలు, అంటే పోర్టల్ పట్టేస్తుంది. బిల్లు మీద క్యూఆర్ ముద్రపడి తిరిగొస్తుంది. దేశంలో ఏ లెక్కల సాఫ్ట్‌వేర్ వాడినా బిల్లులోని గడుల పేర్లు ఒకటే కావలసొచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఈడీఐ కమిటీలు బతిమాలినా కాని పని పన్ను భయంతో మూడేళ్ళలో అయింది. ఇది మెచ్చుకోలో ఎత్తిపొడుపో చదివేవాళ్ళ ఇష్టం.

జీఎస్టీ నంబరుతో మనవాళ్ళకో సరదా కూడా ఉంది. పదిహేను అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రం కోడ్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది 28. విభజన తర్వాత తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37 వచ్చాయి. పశ్చిమ గోదావరి బళ్ళ మీద ఏళ్ళ తరబడి 'ఏపీ 37' చూసిన కళ్ళకి, తూర్పుగోదావరి షాపు బిల్లు మీద 37 కనబడితే కాసేపు అయోమయం. మన బళ్ళవి 'ఏపీ 05' కదా అని.

ఇక ఆత్రేయపురం వద్దాం. ఇక్కడి సరుకు పూతరేకు.

గుండ్రటి కుండని బోర్లించి, పక్కనున్న కంతలోంచి ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. నానబెట్టిన జయ బియ్యాన్ని పాలలా పల్చగా రుబ్బుకుంటారు. మడత పెట్టిన పల్చటి గుడ్డని ఆ పిండిలో ముంచి, రెండు కొసలూ పట్టుకుని, కాలిన కుండ వీపు మీద ఒక్కసారి లాగుతారు. గుడ్డ దాటేసరికి పొర కట్టేస్తుంది. క్షణాల్లో అంచు లేస్తుంది, వేళ్ళతో ఎత్తి పక్కన పేరుస్తారు. మంట ఎక్కువైతే చిల్లులు, తక్కువైతే అంటుకుపోతుంది. ఈ పని ఎక్కువగా ఊళ్ళలో ఆడవాళ్ళు ఇళ్ళ దగ్గర చేస్తారు. నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లమో జల్లి చుట్టడం తర్వాతి అంచె. ఈ మిఠాయికి వందల ఏళ్ళ చరిత్ర చెబుతారు. ఉండొచ్చు. అయితే అందరూ వాడే జయ బియ్యం మాత్రం 1968లో హైదరాబాదు నుంచి విడుదలైన వంగడం. పాత రేకు ఏ బియ్యంతో వేసేవారో ఎవరైనా పెద్దవాళ్ళని పట్టుకుని అడగాలి.

రేకులు కొట్టుకు చేరే చోట సంభాషణ ఇంచుమించు ఇలా ఉంటుంది.

"ఎన్ని తెచ్చేరు పిన్నిగారూ?"

"అయిదొందలండి బాబూ. చిరిగినవి ఏరేసేనండి."

వందల లెక్కన ధర. నోటుబుక్కులో ఒక గీత. వారానికోసారి పద్దు. అంతే, ఈ గొలుసులో మొదటి లింకు సమాచారం అదే.

కొట్టు గడప దాటాక చూడండి. ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన పద్నాలుగంకెల లైసెన్సు నంబరు పెట్టె మీద ఉండాలి, 2022 జనవరి నుంచి బిల్లు మీదా ఉండాలి. జీఎస్టీకి మిఠాయి కోడ్ 2106. ఈ నాలుగంకెలు మన సొంతం కాదు. 1988 జనవరి 1న అమల్లోకి వచ్చిన ప్రపంచ కస్టమ్స్ సంస్థ ఉమ్మడి పట్టికలోవి. మొదటి ఆరంకెలు ఏ దేశంలోనైనా ఒకటే. సూపర్‌మార్కెట్‌కి వెళ్ళాలంటే బార్‌కోడ్ కావాలి. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రం ట్రాయ్ ఊళ్ళో ఒక రిగ్లీ చూయింగ్‌గమ్ పొట్లంతో మొదలైన గీతలవి. మన దేశంలో నమోదైన కంపెనీల అంకెలు 890తో మొదలవుతాయి. చాలామంది 890 ఉంటే సరుకు ఇండియాలో తయారైందనుకుంటారు. కాదు, ఆ కంపెనీ ఇక్కడి సంస్థ దగ్గర నంబరు తీసుకుందని మాత్రమే దానర్థం.

రావులపాలెం నుంచి హైదరాబాదుకు బస్సు పార్శిల్లో పోయే పెట్టెకి ఇంత తతంగం లేదు. 50 వేల లోపు గనక ఈ-వే బిల్లు అక్కర్లేదు, 5 కోట్ల టర్నోవరు లేదు గనక ఈ-ఇన్వాయిస్ అక్కర్లేదు. అసలు తమాషా డాలస్ వెళ్ళే పెట్టెతో మొదలవుతుంది.

2001 దాడుల తర్వాత అమెరికా బయోటెర్రరిజం చట్టం చేసింది. దాని ప్రకారం 2003 డిసెంబరు 12 నుంచి అమెరికాలోకి వచ్చే ఆహారానికి ముందుగా ఎలక్ట్రానిక్ నోటీసు ఇవ్వాలి. తయారుచేసింది ఎవరు, పంపింది ఎవరు, ఏమిటది, ఎంత. విమానంలో వచ్చేదానికైతే దిగడానికి కనీసం నాలుగు గంటల ముందు. అమ్మ తన ఇంట్లో స్వయంగా చేసి కానుకగా పంపితే మినహాయింపు ఉంది. కొట్టు వ్యాపారంగా పంపితే లేదు. అంటే సున్నిపిండంత తేలికైన ఆ రేకు పెట్టెకి ముందు పట్టికొకటి సముద్రం దాటాలి. తపాలాలో పంపినా ఇంతే. 2021 జనవరి 1 నుంచి సరుకున్న అంతర్జాతీయ పార్శిళ్ళకు ముందస్తు ఎలక్ట్రానిక్ వివరాలు ప్రపంచ తపాలా సంఘం తప్పనిసరి చేసింది. కౌంటర్లో మనం చేత్తో నింపే కస్టమ్స్ ఫారం అక్కడి గుమాస్తా టైపు చేశాక ఈడీఐ సందేశమై అవతలి తపాలా శాఖకి పోతుంది.

ఈ ముందు చీటీ ఎంత బలమైందో 2025 ఆగస్టులో తెలిసొచ్చింది. 800 డాలర్ల లోపు పార్శిళ్ళకి ఉన్న సుంకం మినహాయింపుని అమెరికా ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. సుంకం ఎవరు వసూలు చేయాలి, ఆ వివరం ఏ సందేశంలో, ఎవరికి పంపాలి అన్నది తేలలేదు. విమానాలున్నాయి, పార్శిళ్ళున్నాయి, పుచ్చుకునేవాళ్ళున్నారు. ఆ ఒక్క గడి ఖాళీ. మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికా పార్శిళ్ళ బుకింగ్ ఆపేసింది. సుంకం ముందే కట్టించుకుని లెక్క అప్పజెప్పే ఏర్పాటు కుదిరాక అక్టోబరు మధ్యలో గానీ మళ్ళీ తీసుకోలేదు.

ఈ మధ్యలో 2023లో ఆత్రేయపురం పూతరేకుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు పెట్టింది సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం. ఆనకట్ట కట్టినాయన పేరు మిఠాయి సంఘానికి పెట్టుకోవడం ఈ డెల్టాలోనే సాధ్యం. గుర్తింపు వచ్చింది సరే, హైదరాబాదులో, బెంగళూరులో 'ఆత్రేయపురం' అని బోర్డు పెట్టి అమ్మేదంతా ఇక్కడిదేనా అని ఎలా తేలుస్తారు? పెట్టె మీద కోడ్ స్కాన్ చేస్తే ఏ కొట్టుదో చెప్పొచ్చు. ఆ కొట్టుకి రేకులు వేసింది ఏ ఊళ్ళో ఏ కుండ దగ్గరో చెప్పాలంటే, పిన్నిగారి అయిదొందలు కూడా ఏదో గడిలో పడాలి.

పక్క జిల్లాలో రొయ్యల వివరాలు అలా పడ్డాయి. అమెరికా సముద్ర ఆహారపు దిగుమతుల పర్యవేక్షణ పథకంలోకి 2018 డిసెంబరు 31 నుంచి రొయ్యలు చేరాయి. భీమవరం చుట్టుపక్కల చెరువులో పట్టిన రొయ్య ఏ చెరువుది, ఎప్పుడు పట్టారు, ఎంత పట్టారు అన్న వివరం అమెరికా దిగుమతిదారు కస్టమ్స్‌కి ఎలక్ట్రానిక్‌గా చెప్పాలి. ధాన్యానికీ అంతే, ఈ-క్రాప్‌లో పొలం నమోదు కాకపోతే కొనుగోలు కేంద్రంలో బస్తా దిగదు. రెండు చోట్లా బలవంతపెట్టేవాడు ఒకడున్నాడు, ఒకచోట విదేశీ సర్కారు, ఒకచోట మన సర్కారు. పూతరేకుకి ఇంకా అలాంటివాడు లేడు. ఒకవేళ వస్తే, ఆ గడి నింపే పని కుండ దగ్గర కూర్చున్న మనిషి మీద వేయకూడదని నా అభిప్రాయం. ఆవిడ రెండు చేతులకీ పిండి ఉంటుంది. నింపే ఖర్చు బోర్డు మీద ఊరి పేరు రాసుకుని అమ్మేవాడిదే కావాలి. వాల్‌మార్ట్ సరఫరాదారులకి జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. ఖర్చు కిందివాడికి, లాభం పైవాడికి.

రొయ్యల చెరువు సంగతి ఇక్కడ రెండు ముక్కల్లో తేల్చేశాను గానీ అది వేరే పెద్ద కథ. యాంటీబయాటిక్ అవశేషాలతో యూరప్ తిప్పికొట్టిన కంటైనర్ల నుంచి, పట్టుబడికి ముందు చేసే పరీక్షల కాగితాల దాకా. వచ్చే భాగం దాని మీదే.